బాయి భయానికి వైద్యం పెట్టిన పేర్లు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. నాలుగు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 16న, జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది. ఆ మరణాలకు లెక్క ఉన్నది. ఆ తరువాత చుట్టుపక్కల బాయిల లాంప్‌రూముల ముందు నిలబడి దీపం అందుకున్నవారి గుండెదడకు లెక్క లేదు.

గనిపనిలో భయం ఒక పనిముట్టు కూడా. కప్పును కడ్డీతో తట్టి, గట్టి శబ్దమా, డొల్ల శబ్దమా అని చెవియొగ్గే సర్దారుకు అది ఉండితీరాలి. వైద్యం పట్టించుకోవలసినది షిఫ్టు ముగిసి ఇల్లు చేరినా దిగిపోని భయాన్ని. తలుపు చప్పుడుకు ఉలికిపాటు, మొదటి షిఫ్టుకు ముందురాత్రి నిద్రలేమి, ఛాతీ బిగింపు. ఈసీజీ తీస్తే ఏమీ కనిపించదు.

దీనికి పేరు పెట్టడానికి వైద్యశాస్త్రం చాలాకాలం తడబడింది. ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్న 1871లోనే, అమెరికాలో జేకబ్ డా కోస్టా అంతర్యుద్ధ సైనికుల దడను, ఆయాసాన్ని గుండె పేరుతో ప్రకటించాడు. 1915లో చార్లెస్ మైయర్స్ 'షెల్ షాక్' అన్న మాటను వైద్యపత్రికకు ఎక్కించాడు.

బొగ్గుగనులకు మరింత దగ్గరైన కథ బ్రిటన్‌ది. మసక దీపాల వెలుగులో ఏళ్లతరబడి పనిచేసిన అక్కడి కార్మికులలో కొందరి కనుగుడ్లు ఆగకుండా కదిలేవి. 'మైనర్స్ నిస్టాగ్మస్' అన్న ఆ వ్యాధి 1907లో పరిహార వ్యాధుల జాబితాలో చేరింది. కంటితోపాటు తలతిప్పు, వణుకు, నిద్రలేమి, భయం కూడా ఉండేవి. వెలుతురు చాలకనే అన్నారు కొందరు వైద్యులు. మనోవ్యాధి అన్నారు మరికొందరు. పరిహారం కోసం నటన అన్న అనుమానమూ పుట్టింది. మొదటి రెండూ నిజమే అయివుండవచ్చునని నా అభిప్రాయం. కన్ను అదిరితే పరిహారం ఉండి, మనసు అదిరితే లేనప్పుడు, కార్మికుడు కంటి సంగతే చెప్పుకోవడంలో వింత ఏమున్నది?

ఆ అనుమానం మనకూ తెలిసినదే. బొగ్గు బెల్టులో 'మెడికల్ అన్‌ఫిట్' అంటే కొడుకు ఉద్యోగంతో ముడిపడిన మాట. భయమని నోరు విప్పినవాడు అన్‌ఫిట్ కోసం నటిస్తున్నాడనిపించుకుంటాడు. అందుకు వెరచి ఛాతీనొప్పి అంటాడు, కడుపుమంట అంటాడు. లేదా సాయంత్రం మందు దుకాణం దారి పడతాడు. మద్యం ఆ రాత్రికి కునుకు తెచ్చి, తెల్లవారుజామున దడను పెంచుతుంది.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణలో పానిక్ డిజార్డర్‌కు, పీటీఎస్‌డీకి విడివిడిగా చోటిచ్చింది. నేడు వీటికి చికిత్స ఉన్నది: భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొనే శిక్షణ, అవసరమైతే మందులు.

2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించగా, చిక్కుకున్నవారిలో కొందరు ప్రాణాలతో బయటపడ్డారు. అటువంటి ఘటన తరువాత కొద్దివారాలు నిద్ర పట్టకపోవడం సహజం. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, బాయి పేరెత్తితేనే చెమటలు ఉంటే మనోవైద్యుని చూడాలి. ఛాతీనొప్పి ఉంటే మాత్రం భయమే అనుకొని ఊరుకోక, ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు అడగకపోయినా, ఏ బాయిలో ఏ పని చేస్తారో, ఏ ప్రమాదాన్ని కళ్లారా చూశారో మీరే చెప్పండి.