పాత కారు అప్పుడప్పుడు స్టార్టు కాకుండుట: దోషనిర్ణయము

ఒకవేళ సులభముగా స్టార్టగుచు, మఱొకవేళ కారణము తోపకయే మొరాయించు పాత కారునందలి లోపమును క్రమపరీక్షచే కనుగొను విధానము ఇది. 1912లో కాడిలాక్ కార్లయందు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు ప్రవేశించిన పిదప, బ్యాటరీ, తీగలు, స్విచ్చులు కూడ ఇట్టి దోషములకు స్థానములయ్యెను. కారు మొరాయించిన క్షణముననే పరీక్షింపవలెను. అది మరల స్టార్టయిన పిమ్మట జరుపు శోధన తఱచుగా వ్యర్థము.

స్టార్టరు తిరుగుచున్నదా, లేదా యనునది ప్రథమ విభజనము. తిరుగనిచో, లేక మందముగా తిరిగినచో, బ్యాటరీ కొసలయందలి తెల్లని, పచ్చని పొక్కును, ఎర్త్ తీగను చూడవలెను: తాళము త్రిప్పి పట్టియుంచి, బ్యాటరీ ఎర్త్ కొసకును ఇంజను దిమ్మకును నడుమ వోల్టుమీటరు నుంచగా అర వోల్టునకు మించి చూపినచో ఆ బంధము చెడినదని గ్రహింపదగును. స్టార్టరు చక్కగా తిరిగియు ఇంజను అందుకొననిచో, లోపము నిప్పురవ్వయందో పెట్రోలునందో వెదకదగినది. నిప్పురవ్వ విషయమున, అంబాసిడరు వంటి కార్లలో దానిని కలిగించు పాయింట్ల ఎడము సుమారు 0.38 మిల్లీమీటర్లుండవలెను; కండెన్సరు, కాయిలు వేడెక్కినపుడు విఫలమై, చల్లారగానే పనిచేయుట కలదు. నిప్పురవ్వ బలముగా నుండియు, ఎండవేళ ఇంజను అందుకొనక, పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టిన కొంతసేపటికి స్టార్టయినచో, గొట్టమున ఇంధనము ఆవిరియై ప్రవాహము నిలిచెనని నిర్ణయింపవచ్చును.