నడికట్టు చాటున బేరము

గోలకొండ వజ్రములు లోకప్రసిద్ధములు. కాని గోలకొండ కోట చెంత వజ్రపు గనులు లేవు. గనులు కృష్ణాతీరమునందును, దానికి దక్షిణమున నున్న సీమలయందును ఉండెడివి. ఆ రాళ్లు చేరి అమ్ముడుపోవు పెద్ద విపణి యగుటచేతనే గోలకొండ పేరు వాటికి స్థిరపడినది. అయితే గనికి దగ్గర ఊళ్లలోనే తొలి బేరము జరిగెడిది. ఆ వీధి అంగళ్లు ఎట్లుండెడివో తెలిసికొనుటకు టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుని యాత్రాగ్రంథము మిక్కిలి తోడ్పడుచున్నది. ఆతడు 17వ శతాబ్దపు నడిమి కాలమున ఈ దేశమునకు పలుమారులు వచ్చి, తాను చూచినదానిని 1676లో పారిస్ నగరమున ప్రకటించెను.

నాటి బిజాపురపు సుల్తానుల యేలుబడిలో నున్న రావల్కొండ గనిని ఆతడు దర్శించెను. ఊరి నడుమ చదుకమున ఒక పెద్ద చెట్టు. ప్రతిదినము ఉదయమున గని వర్తకుల బిడ్డలు, పది మొదలు పదునారేండ్ల లోపువారు, ఆ చెట్టు నీడను వచ్చి కూర్చుండెడివారు. ఒక ప్రక్క సంచిలో తూనికరాళ్లు, మరొక ప్రక్క నడికట్టున వరహాల సంచి. కొందరి సంచులలో 500, 600 వరహాల వరకు ఉండెడివట!

ఎవడైన రాయి తెచ్చినచో దానిని ఆ బాలురలో పెద్దవాని చేతికిచ్చెడివాడు. ఆ రాయి చేతినుండి చేతికి పోయి, అందరును చూచిన పిదప తిరిగి మొదటివాని చేతికే వచ్చెడిది. అంతవరకు ఒక్కరును నోరు మెదపరు. పిమ్మట పెద్దవాడు వెల యడిగి బేరమాడును. ఎక్కువకు కొన్నచో ఆ నష్టము వానిదే. సాయంకాలమున కొన్న రాళ్లన్నిటిని నీరు, తూకము, నైర్మల్యము ననుసరించి వేరుపరచి, పెద్ద వర్తకులకమ్మి, లాభమును పంచుకొనెడివారు. పెద్దవానికి నూటికి పావువంతు అధికము. నాటి వర్తకులకు పాఠశాల ఆ చెట్టు నీడయే.

పెద్దల బేరము మరింత వింతయైనది. ఇరువురును ఎదురెదురుగా కూర్చుండెడివారు. అమ్మువాడు నడికట్టు విప్పి, కొనువాని కుడిచేతిని పట్టుకొని, రెండు చేతులను ఆ గుడ్డతో కప్పెడివాడు. అరచేయి మొత్తము పట్టినచో వేయి. అయిదు వ్రేళ్లు పట్టినచో 500. ఒక వ్రేలు పట్టినచో 100. నడిమి కణుపు వరకు పట్టినచో 50. కొనను పట్టినచో 10. మాట లేదు, కనుసైగ లేదు. పదిమంది నడుమ ఒకే మూట పలుమారులు చేతులు మారినను ఏ వెలకు పోయినదో ప్రక్కవానికి తెలియదు.

రాతి నీటిని మన వర్తకులు రాత్రివేళ పరీక్షించెడివారు. గోడలో ఒక అడుగు చదరపు గూడు చేసి, అందు లావుపాటి వత్తి దీపమునుంచి, వ్రేళ్ల నడుమ రాయిని పట్టి చూచెడివారు. వజ్రములను తూచుటకు ‘మాంజెలిన్’ అను తూకము వాడిరని ఆ వర్తకుడు వ్రాసెను. అది మన మంజాడి గింజ పేరే.

ఇంత సంపద త్రవ్వి తీసిన కూలీ గతి యేమి? రావల్కొండలో వానికి ఏడాదికి 3 వరహాలు మాత్రమే ముట్టెడివి. ఏబదిమంది కూలీలతో త్రవ్వించు వర్తకుడు రాజునకు దినమునకు 2 వరహాలు చెల్లించెడివాడు. అనగా ఒక కూలీ ఏడాది పాటు శ్రమించి గడించినది ఆ చిన్న గని నుండి ఒకటిన్నర దినములో రాజునకు చేరెడిది! ఇదిగాక ప్రతి కొనుగోలుపైని నూటికి 2 చొప్పున సుంకము. కూలీలు రాళ్లు దాచకుండ ఏబదిమందికి పండ్రెండు, పదునైదుగురు కావలివారు. ఒకడు కంటి కొలికిలో రాయిని దాచి పట్టుబడెనట. ఆకలియే వానికి ఆ తెగువ నిచ్చియుండును.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. 18వ శతాబ్దమున బ్రెజిల్ దేశపు వజ్రములు విపణికి వచ్చుటతో ఇచ్చటి వర్తకము క్షీణించెను. గోలకొండ రాజ్యమున పేరొందిన కొల్లూరు గని ప్రదేశము నేడు పులిచింతల జలాశయమున మునిగియున్నది. అయినను తొలకరి వానలు కురిసినంతనే కర్నూలు, అనంతపురము సీమలలోని జొన్నగిరి, వజ్రకరూరు చేలలో పేదలు తల వంచుకొని రాళ్లు వెదకుచునే యున్నారు. దొరికిన రాతి వెల తెలియనివాడు నేటికిని వర్తకుడు చెప్పినదానికే తల యూపవలసివచ్చుచున్నది.

టావెర్నియర్ గ్రంథమున రాళ్ల తూకములు, వెలలు వివరముగా నున్నవి. చెట్టు క్రింది బాలుర పేర్లుగాని, గోతులు త్రవ్విన కూలీల పేర్లుగాని అందు కానరావు. నడికట్టు చాటున జరిగిన బేరము వ్రాతకెక్కినందున నేడు మనకు తెలియుచున్నది. వ్రాయించువారు లేని ఆ శ్రమజీవుల కథ భూమిలోనే కలసిపోయినది. ఊరి కథను ఊరివారే వ్రాసి భద్రపరచుకొనుట ఎంత యవసరమో దీనివలన స్పష్టమగుచున్నది.