శివరాంపల్లి: మజిలీ కాదు, గ్రామం

భూదానోద్యమ చరిత్ర పోచంపల్లితో మొదలవుతుంది. శివరాంపల్లి అందులో పోచంపల్లికి ముందు వచ్చే ఒక మజిలీ మాత్రమే. ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆరాంఘర్ చౌరస్తా పక్కనున్న ఈ ఒకప్పటి సేద్యపు పల్లెకు ఆ ఒక్క వాక్యమేనా చరిత్ర?

నిజాం కాలంలో హైదరాబాదు చుట్టుపట్ల గ్రామాలు చాలావరకు సర్ఫెఖాస్, పాయిగా, జాగీరు భూములు. సర్ఫెఖాస్ ఆదాయం నిజాం సొంత ఖజానాకు, పాయిగాల శిస్తు ప్రభువంశాలకు చేరేది. దగ్గరలోని శంషాబాదు పేరులో పాయిగా ప్రభువుల బిరుదు షంసుల్ ఉమ్రా నేటికీ వినిపిస్తుంది. దున్నినవాడి పేరు మాత్రం ఏ ఊరి పేరులోనూ వినిపించదు. జాగీర్లు రద్దయింది 1949లో. రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చిన చట్టం వచ్చింది 1950లో. ఇవి ఏలినవారి దయతో వచ్చినవి కావు. వీటి వెనుక 1946 నుంచి సాగిన తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం ఉంది.

ఆ పోరాటం ఇంకా సాగుతుండగానే, 1951 ఏప్రిల్‌లో, శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన వచ్చారు. సమ్మేళనం ముగిశాక తెలంగాణా పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. చరిత్రకారుల దృష్టి అటు మళ్ళింది. సమ్మేళనానికి చోటిచ్చిన ఊళ్ళో భూమి ఎవరిది, సేద్యం ఎవరిది అన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

ఆ తర్వాత వచ్చినవి వేరు. 1975లో జాతీయ పోలీసు అకాడమీ మౌంట్ ఆబూ నుంచి శివరాంపల్లికి తరలివచ్చింది. దాని ఆవరణ సుమారు 277 ఎకరాలు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం ప్రారంభమైంది. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎత్తుదారి, 2025లో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా పైవంతెన వచ్చాయి. భూమిని గురించి మాట్లాడటానికి వచ్చినవారు కొద్దిరోజుల్లో వెళ్ళిపోయారు. భూమి అవసరమై వచ్చినవి ఇక్కడే ఉండిపోయాయి.

గ్రామచరిత్ర అంటే వచ్చిపోయిన పెద్దల జాబితా కాదు. ఏ చెలక ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఏ ధరకు, ఏ అధికారంతో మారిందో చెప్పేదే గ్రామచరిత్ర. దానికి ఆధారాలు పాత పహాణీల్లో ఉంటాయి, ముసలి రైతుల జ్ఞాపకాల్లో ఉంటాయి. ఊరి పేరు చివర ‘పల్లి’ అన్న మాట ఒక్కటే మిగిలే రోజు రాకముందే రచయితలు ఆ పనికి పూనుకోవాలి.