నియమగిరిని ఎవరి నోట చెప్పాలి?

మన ఏజెన్సీ బాక్సైట్ కొండల మీద వెబ్‌సైట్ అనగానే పులి ఫొటో, ఏడుపు పాట పెడదామంటున్నారు. ఒక్కసారి ఒడిశా నియమగిరి వైపు చూద్దాం. వేదాంత గని మీద లోకం కన్ను పడాలని 2010లో సర్వైవల్ సంస్థ ‘అవతార్’ సినిమాతో పోలుస్తూ ప్రకటన ఇచ్చింది. బాగానే చూశారు జనం. కానీ సినిమాలో నీలం మనుషులు గుర్తున్నంతగా డోంగ్రియా కోందులు ఎందరికి గుర్తున్నారు?

2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 ఊళ్లూ గని వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ సభల్లో ఆడా మగా లేచి నియమరాజా గురించి, ఊటల గురించి, కొండ పంటల గురించి చెప్పారు. మన మొదటి పేజీకి అలాంటి మాటలే కావాలి, మన ఊళ్లవి. కువి వాళ్లది కువిలోనే, కింద తెలుగులో. పాట సంగతి తర్వాత చూద్దాం.