తాతల నాటి కారు.. తూకానికి వేసే ముందు!

ఇంటి పెద్ద కన్నుమూశాక ఆస్తుల పంపకంలో పొలం, ఇల్లు, బంగారం ముందు వరుసలో ఉంటాయి. పెరటి షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఏళ్ల తరబడి కదలని అంబాసిడరో, ఫియటో చివరికి గుర్తుకొస్తుంది. ఒకప్పుడు పెళ్లి ఊరేగింపులకు, తిరుమల ప్రయాణాలకు, ఎన్నికల ప్రచారానికి ఊరంతా ఎదురుచూసిన వాహనం అది. స్థలం ఖాళీ అయితే చాలనుకుని దాన్ని పాత ఇనుము వ్యాపారికి అప్పగించేవారు కొందరైతే, రంగులు వేయించి కొత్తదానిలా మెరిపిస్తే మంచి ధర పలుకుతుందని ఆశించేవారు మరికొందరు. రెండు మార్గాల్లోనూ నష్టపోయేది వారసులే. పాత కారుకు విలువ తెచ్చేవి దాని అసలు భాగాలు, వాటిపై చెక్కిన నంబర్లు, వాటిని ధ్రువీకరించే కాగితాలు. అవి చెదరక ముందే ఆరా తీయడం మేలు.

యాభై ఏళ్ల గీత

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జులైలో చేసిన సవరణ పాత వాహనాలకు చట్టపరమైన గుర్తింపునిచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, సొంత అవసరాలకే వాడుతూ, పెద్ద మార్పులకు లోనుకాకుండా అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ తరగతిలోకి వస్తాయి. 1975 ఆరంభంలో రోడ్డెక్కిన కారు 2025లోనే ఈ గీత దాటింది.

ఈ తరగతిలో కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించేందుకు సవరణలో నిర్ణయించిన రుసుము రూ.20 వేలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు రూ.5 వేలు. గడువు పదేళ్లు. కొత్త నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ఇదివరకే రిజిస్టరై ఉన్న వాహనం తన పాత నంబరునే కొనసాగించుకోవచ్చు. అయితే ఈ తరగతిలో చేరిన కారును నిత్యం రోడ్డుపై తిప్పేందుకు వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల వంటి పనులకే అనుమతి. కొనే వ్యక్తి రోజువారీ వాడకానికి కోరుకుంటున్నాడా, సేకరణకు కోరుకుంటున్నాడా అన్నది తెలుసుకున్నాకే ఈ దిశగా అడుగు వేయాలి.

తొలి అడుగు.. వారసుల సమ్మతి

కారు ఎవరి ఇంటి ఆవరణలో ఉంటే వారిదే అనుకోవడం పొరపాటు. వీలునామా రాయకుండా హిందూ పురుషుడు మరణిస్తే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. కారు అందుకు మినహాయింపు కాదు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచు సమ్మతి లేకుండా అన్నదమ్ములే బేరం కుదుర్చుకుంటే ఆ అమ్మకం వివాదంగా మారుతుంది.

యజమాని మరణించిన 30 రోజుల్లోగా ఆ విషయాన్ని రవాణా శాఖ కార్యాలయానికి తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పునకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, ఆర్సీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రం దగ్గర ఉంచుకోవాలి. గడువు దాటినా పేరు మార్పు చేయించుకోవాల్సిందే. కారు తాతగారి పేరుతోనే ఉండి తండ్రి కూడా మరణించి ఉంటే రెండు తరాల పత్రాలు అవసరమవుతాయి. ఆర్సీ పుస్తకం పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో నకలు కోరవచ్చు. మూడక్షరాలతో మొదలయ్యే పాత నంబర్ల వివరాలు కాగితపు రిజిస్టర్లలోనే మిగిలి ఉండే అవకాశం ఉంది. కనుక తొలుత ఏ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ జరిగిందో చూసుకుని అక్కడే విచారించాలి.

నంబర్లు చెప్పే నిజం

ఛాసిస్, ఇంజిను నంబర్లు ఆర్సీలోని నంబర్లతో సరిపోలాలి. సేకరణదారులు మొదట పరిశీలించేది దీన్నే. నంబరు ఉన్నచోట మట్టిని మెత్తని గుడ్డతో తుడిచి, పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. ఉప్పు కాగితంతో గీకడం, చెరిగిన అంకెలను మళ్లీ కొట్టించడం తగదు. అలా చేస్తే కారుపై అనుమానాలు తలెత్తుతాయి.

డీజిల్ చవకగా ఉన్న కాలంలో చాలా అంబాసిడర్లకు పెట్రోలు ఇంజిను తీసి మటడోర్ ఇంజిను బిగించారు. అప్పుడు తీసిన అసలు ఇంజిను షెడ్డు మూలనో, మెకానిక్ వద్దో ఉందేమో వెతకాలి. ముందు జాలీ, బంపర్లు, మీటర్లు, చక్రాల కప్పులు, జాకీ, హ్యాండిల్, పాత బీమా కాగితాలు, మరమ్మతు రసీదులు, కారు పక్కన దిగిన పెళ్లి ఫొటోలు.. ఏవీ పారేయకూడదు. కారు చరిత్రకు ఇవే సాక్ష్యాలు.

ఏళ్లుగా ఆగిన ఇంజినును కొత్త బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పడం ప్రమాదకరం. ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలు తీసేసి, స్పార్క్ ప్లగ్గుల రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ వేసి, చేత్తో తిప్పి చూశాకే స్టార్ట్ చేయించాలి.

దుమ్ముతోనే వేలానికి..

ఫ్రాన్స్‌లో బైయ్యోన్ అనే రవాణా వ్యాపారి 1950ల నుంచి పాత కార్లు సేకరించారు. వ్యాపారం దెబ్బతినడంతో కొన్నింటిని అమ్మగా, మిగిలినవి పల్లెలోని రేకుల షెడ్లలో దశాబ్దాలు మగ్గాయి. వారసులు వాటిని ఆర్ట్‌క్యూరియల్ సంస్థ ద్వారా 2015 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో వేలం వేశారు. తుప్పు, దుమ్ము తొలగించకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. పాత పత్రికల గుట్ట కింద దొరికిన ఒక్క ఫెరారీయే సుమారు 1.6 కోట్ల యూరోలు పలికింది.

మన షెడ్డులోని అంబాసిడర్‌కు ఆ స్థాయి ధర ఆశించడం అత్యాశే. 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ ఉత్పత్తి 2014 వరకు సాగింది. కనుక వయసు ఒక్కటే ధర తేదు. తొలినాటి మార్క్-1, దానికి ముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటివి అసలు భాగాలతో దొరకడం అరుదు. ఆ అరుదుదనంతోపాటు అడుగుభాగంలో తుప్పు ఎంత, విడిభాగాలు దొరుకుతాయా, కాగితాలు సక్రమమేనా అన్నవి ధరను నిర్ణయిస్తాయి. బాగుచేశాక కారు పలికే ధర నుంచి బాగుచేసేందుకయ్యే ఖర్చును తీసేసి కొనుగోలుదారు లెక్క కడతాడు. ప్రకటనల్లో కనిపించేవి అమ్మేవారు అడిగే ధరలే. కొనే ఉద్దేశం లేని ఇద్దరు ముగ్గురు జానకార్లతో విడివిడిగా అంచనా వేయించడం ఉత్తమం. వారసుల్లో ఒకరు కారును ఉంచుకోవాలనుకుంటే ఆ అంచనా ప్రకారమే మిగిలినవారికి వాటా చెల్లించవచ్చు.

ఖాళీ ఫారాలపై సంతకాలొద్దు

అమ్మకానికి ఫారం 29, 30 అవసరం. వాహనం మరో రాష్ట్రానికి వెళ్తే ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వివరాలు నింపని ఫారాలపై సంతకాలు చేసి దళారి చేతికి ఇవ్వరాదు. ఆర్సీలో పేరు మారేవరకు ప్రమాద పరిహారం బాధ్యత రికార్డులోని యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

సొంతానికి వాడుకున్న కారు అమ్మితే వచ్చే లాభంపై సాధారణంగా మూలధన లాభాల పన్ను ఉండదు. అయితే సొంత వాడకానికి ఆధారాలు ఉండాలి. 1983లో రూ.20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను తర్వాత సుమారు రూ.21 లక్షలకు అమ్మిన కేసులో, వాడినట్లు నిరూపణ కాలేదంటూ లాభంపై పన్ను చెల్లించాల్సిందేనని బొంబాయి హైకోర్టు 2025లో తీర్పునిచ్చింది. పెద్ద మొత్తం చేతికొచ్చేటప్పుడు ఆడిటర్‌ను సంప్రదించడం మంచిది.

అన్నీ పరిశీలించాక కారు తుక్కుకే పనికొస్తుందని తేలితే, ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే అప్పగించాలి. అక్కడిచ్చే డిపాజిట్ ధ్రువపత్రంతో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవచ్చు. లేదంటే కారు కరిగిపోయినా, దాని నంబరు మాత్రం చనిపోయిన పెద్దాయన పేరుమీదే మిగిలిపోతుంది.