వేగం తగ్గితే మిగిలేదేమిటి?

ప్లగ్గు నుంచి తీయగానే ల్యాప్‌టాప్ మందగించటం చాలామందికి అనుభవమే. నెమ్మదిగా పనిచేస్తే విద్యుత్తు ఆదా అవుతుందని సరిపెట్టుకుంటాం. అది సగం నిజం. వేగాన్ని మాత్రమే సగానికి తగ్గిస్తే క్షణానికయ్యే ఖర్చు సగమవుతుంది. పనికి పట్టే కాలం రెట్టింపవుతుంది. లెక్క మొదటికే వస్తుంది.

అసలు ఆదా వోల్టేజీలో ఉంది. ట్రాన్సిస్టర్లు స్థితి మారినప్పుడల్లా ఖర్చయ్యే శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి ఉంటుంది. కానీ వోల్టేజీ తగ్గితే అవి పాత వేగాన్ని అందుకోలేవు. కనుక వేగం తగ్గించటం ఆ ఆదాకు మనం చెల్లించే మూల్యం.

జెరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో మార్క్ వైజర్ బృందం 1994లో ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుంది. పనిని త్వరగా ముగించి ఖాళీగా ఉండటం కన్నా, తక్కువ వోల్టేజీతో నిదానంగా చేయటమే మేలని వాదించింది. 2000 జనవరిలో ఇంటెల్ 'స్పీడ్‌స్టెప్'ను తెచ్చింది. 650 మెగాహెర్ట్జ్ మొబైల్ పెంటియమ్ 3, బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్‌కు దిగేది, వోల్టేజీ 1.6 నుంచి 1.35కు తగ్గేది. వేగంలో నష్టం 23 శాతం. సూత్రం ప్రకారం విద్యుత్ వినియోగంలో తగ్గుదల సుమారు 45 శాతం. అదే నెలలో ట్రాన్స్‌మెటా ప్రకటించిన 'లాంగ్‌రన్', పనిభారాన్ని బట్టి రెంటినీ ఎప్పటికప్పుడు మార్చేది.

అయితే వోల్టేజీ దిగుదలకు ఒక హద్దుంది. దాన్ని చేరాక ఇంకా నెమ్మదిస్తే, పని సాగినంతసేపూ ట్రాన్సిస్టర్ల నుంచి కారిపోయే విద్యుత్తే ఎక్కువవుతుంది. అందుకే నేటి ప్రాసెసర్లు చాలాసార్లు పనిని చప్పున ముగించి నిద్రలోకి జారుకుంటాయి. వైజర్ బృందం కాదన్న దారి, మారిన చిప్పుల మీద మళ్ళీ సరైనదైంది.