దస్తావేజు

ఫారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, ‘ఆవేజ్’ అంటే పట్టుకు వేలాడటం. చేతికి పట్టు దొరికేదన్న భావం నుంచే హక్కుకు ఆధారమైన పత్రానికి దస్తావేజు అన్న పేరొచ్చింది. దాన్ని రాసిపెట్టేవారు దస్తావేజు లేఖరులు. ఆస్తి అంతకుముందు చేతులు మారిన పత్రాలు లింకు డాక్యుమెంట్లు.

ఇల్లు కొనేవారు దస్తావేజులో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది చెక్కుబందీ. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన వీధి, ఇలా నాలుగు హద్దులూ చెప్పే భాగమిది. స్థలం దగ్గర నిలబడి ఒక్కొక్క హద్దూ సరిచూసుకోవడం ఎంతో మేలు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, సంతకాలైన నాలుగు నెలల్లోగా దస్తావేజును రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి. బయానా ఇచ్చి రాసుకున్న అగ్రిమెంటుతో యాజమాన్యం రాదు. అది రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే బదిలీ అవుతుంది.